మా అవ్వ మెడలో పూసలు

నిన్న పొద్దున్నే మా మేనమామ ఫోన్. "అమ్మ ల్యాదు పాపా" అన్నాడు. అంతే.

చేతిలో కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

తొంభై ఐదు దాటిన మనిషే. అయినా షాకే. ఇంకా నమ్మలేకపోతున్నాను.

మా అమ్మను కన్న తల్లి. ఆదోని దగ్గర పల్లె. మా అవ్వకు పెళ్లి కాలేదు. ఆమె బసివి.

ఇప్పటివాళ్లకు తెలియదేమో. స్వతంత్రం రాకముందు మా వైపు కొడుకుల్లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడికి వదిలి, మెడలో పూసలు కట్టేవాళ్లు. ఇక ఆమెకు పెళ్లి ఉండదు. పుట్టింట్లోనే ఉండి, ఎవరో ఒక మగాడి వల్ల బిడ్డల్ని కని, కొడుకు మాదిరి తండ్రి వంశం నిలబెట్టాలి. ఆ బిడ్డలకు తాత ఇంటిపేరే.

పూసలు కట్టిన రోజు అవ్వ తెగ సంబరపడిందట.

"కొత్త చీర, పాయసం. అక్క మాదిరి అత్తగారింటికి పోయే పని ల్యాదు, మాయమ్మ కాడే ఉండొచ్చు అనుకుంటిని పాపా. అంత తిక్కదాన్ని" అని నవ్వేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

పెద్దయ్యాక మొదట ఆడపిల్ల. మా అమ్మ. అవ్వ వాళ్ల నాయన మొహం తిప్పుకుని చేనికి పోయాడు. మళ్లీ ఆడపిల్ల. "ఇంగా కనల్ల" అన్నాడు. వద్దనడానికి ఈమెవరు? ఆ తర్వాత మామ పుట్టాడు. ఊరంతా బెల్లం పంచారు.

"ఆ పొద్దు నాకు గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు ల్యాకపాయ" అనేది అవ్వ.

నాకు డిస్టోపియన్ కథలు, అంటే రేపటి పీడకలల్లాంటి కథలు, రాసే పిచ్చి ఉందని మీకు తెలుసు కదా. పోయిన ఎండాకాలం శెనక్కాయలు ఒలుస్తూ నా కొత్త కథ అవ్వకు చెప్పాను. ఎప్పుడో రాబోయే కాలం. ఏ ఆడది ఎంతమందిని కనాలో సర్కారే చెప్పే దేశం.

"రాబోయే కాలమా? మా నాయన కాలం కత చెప్తాండావే!" అంది.

ఇంకో కాయ ఒలుస్తూ, "ఆయమ్మ తప్పించుకుంటాదా?"

"ఆఖర్న పొలిమేర దాటేస్తుంది అవ్వా."

"దాటి యాడికి పోతాది పాపా?"

ఆ కథ ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఆ రోజే పూసలు పట్టుకుని చెప్పింది. "నేను సచ్చినాక వీటిని తెంపి పూడ్చండి. బతికినన్నాళ్లూ మా నాయనకు కొడుకునైతిని. మట్టిలోకన్నా ఆడదాని మాదిరి పోతా."

ఇప్పుడే తెంపెయ్యరాదా అన్నాను.

"బతికుండంగ తెంపితే కొడుక్కు కీడంట."

నిన్న వెళ్లగానే ఆ కొడుకునే అడిగాను. బతిమాలాను. ఏడ్చాను.

"ఏం మాటమ్మా అది! దేవుని పూసలు. వాటితోనే కదా ఈ ఇల్లు నిలబడింది" అన్నాడు మామ. పెద్దలంతా అవునన్నారు. నేనే తెంపబోతే రెక్క పట్టి బయటికి లాగేశారు.

పూసలతోనే పూడ్చారు.

బసివిని చేయకూడదని చట్టం వచ్చి ఎన్నేళ్లయిందో. ఏం లాభం.

అవ్వా, అక్కడైనా ఎవరికీ కొడుకువి కాకుండా, నీకు నువ్వుగా ప్రశాంతంగా పడుకో.