ఆదెమ్మ నాడె కింద పెడితే

2022 ఎండాకాలం. ధర్మవరంలో మగ్గాల వీధి పక్కనే నా ఆయుర్వేద క్లినిక్. నడుము నొప్పి, మెడ నొప్పి అంటూ వచ్చేవాళ్లలో సగం మంది నేతగాళ్లే. కోపానికి మందు కావాలని వచ్చింది మాత్రం పెద్దన్న అనే నేతగాడొక్కడే. తనంతట తాను రాలేదు లెండి, భార్య ఆదెమ్మ పట్టుకొచ్చింది. ఆమె చేతిలో బట్టల సంచి ఉంది.

"నేనింక మగ్గం మీద కూర్చోను మేడమ్. ఈయప్ప నోటికి తాళలేకపోతాండా. ముదిగుబ్బకు, మా పుట్టింటికి పోతా" అంది నిలబడే.

ఆ మాట ఎంత పెద్దదో ఈ ఊరివాళ్లకు తెలుసు. పెద్ద అంచు పట్టుచీర ఒక్కరు నేసేది కాదు. నేతగాడు చీర నేస్తుంటే పక్కన కూర్చున్న మనిషి అంచు నాడె విసరాలి. దారపు కండె ఉండే కొయ్య పరికరమే నాడె. పెళ్లయినప్పటి నుంచి ఆ పక్కచోటు ఆదెమ్మదే.

"దారం తెగితే నన్ను తిడతాడు. కరెంటు పోయినా నన్నే. నిన్న కోడి అరిస్తే దానికీ నన్నే తిట్టినాడు."

"అది నువ్వు సాకిన కోడే గదా!" పెద్దన్న గయ్యిమన్నాడు.

నాకు నవ్వాగలేదు. పెద్దన్న చెయ్యి పట్టి నాడి చూశాను. కళ్లు ఎర్రగా, అరచేతులు వేడిగా ఉన్నాయి. పుల్లతేన్పులు సరేసరి. దీన్ని మేము పిత్త ప్రకృతి అంటాం. ఒంట్లో వేడి ఎక్కువ, ఆకలి ఎక్కువ, తిండివేళ దాటితే కోపం మరీ ఎక్కువ.

"పొద్దున ఏం తింటావప్పా?"

"టీ."

"తర్వాత?"

"ఇంకో టీ. మొదలుపెట్టిన పువ్వు అయ్యేదాంకా లేసేది లేదు మేడమ్. మా నాయనా అంతే."

చీరలో ఆ పువ్వు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుందట. అప్పుడు సంగటి, ఎర్రగా నూరిన ఊరిమిండి పచ్చడి, నంజుకోను పచ్చిమిరపకాయ. ఇంక కోపం రాక ఏమొస్తుంది!

టీ తగ్గించి మజ్జిగ తాగమన్నాను. కారం సగం చెయ్యమన్నాను. పన్నెండున్నరకల్లా భోజనం, పడుకునే ముందు అరికాళ్లకు కొబ్బరినూనె, పొద్దున్నే శీతలి ప్రాణాయామం. నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చి, ముక్కుతో వదలడమే శీతలి. పెద్దన్న నాలుక చుట్టబోతే ఆదెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "సరే, ఇంకొన్నాళ్లు చూస్తా" అని సంచితో ఇంటికే తిరిగి వెళ్లింది.

మరుసటి వారం ఇద్దరూ వచ్చారు. సంచి కూడా వచ్చింది.

"నాలుక నొప్పి పుడతాంది గానీ కోపం పోలేదు మేడమ్" అన్నాడు.

"వేళకు తింటున్నావా?"

"పువ్వు సగంలో ఉంటే యాడ లేసేది?"

నాకు ఒళ్లు మండింది. "పువ్వు యాడికీ పోదు పెద్దన్నా, పోయేది ఆదెమ్మ!" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు.

అప్పుడు ఆదెమ్మ మెల్లగా అంది. "నేను కూర్చుంటా. పన్నెండున్నరకు నా నాడె కింద పెడతా. నువ్వు లేసి తినాల. ఒక్క మాటన్నావా, మళ్లీ పట్టుకోను."

పెద్దన్న ఆమె సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. ఆమె నాడె ఆగితే చీర ఒక్క పోగు ముందుకు సాగదు. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. నా కళ్లముందే ఆదెమ్మ నాడె కింద పెట్టింది. పెద్దన్న సగం పువ్వు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, లేచి చేతులు కడుక్కున్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

"కోపం పోయిందా?" అని అడిగాను.

"యాడ పోతాది మేడమ్! అయితే ఇప్పుడు తిట్టే ముందు మజ్జిగ అడుగుతాండాడు" అంది ఆదెమ్మ. సంచి గూట్లో ఖాళీగా మడిచి ఉంది.

తర్వాతొక రోజు నా క్లినిక్ కిటకిటలాడుతోంది. మూడు కావొస్తోంది. మందు సరిగా వాడలేదని ఒక పెద్దాయన మీద కేకలేస్తున్నాను. నూనె కోసం వచ్చిన ఆదెమ్మ కాసేపు చూసి, దగ్గరికొచ్చి, నా చేతిలో పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"లేయండి మేడమ్. మీరింకా తిన్నట్టు లేదు."

అందరి ముందూ లేచి చేతులు కడుక్కున్నాను. ఇప్పుడు కోపానికి మందడిగి ఎవరొచ్చినా, నాడి పట్టుకోకముందే పక్కన కూర్చునే మనిషిని లోపలికి పిలుస్తాను.