శ్రీరంగప్ప క్యారియరు

మా ఓనరు శ్రీరంగప్పకు ఒకటే పిచ్చి. తన పని మీద ఎవరైనా ఊరికి పోవాలంటే, ఆ మనిషి ఎక్కే బస్సు డ్రైవరుకు ముందుగా ఆయన పరీక్ష పెట్టాలి. డ్రైవరు పాసైతేనే మేము ఎక్కాలి.

డెబ్భై ఎనిమిదిలో హోసూరులో ఆయనకు పంటలకు మందు కొట్టే పంపులు చేసే చిన్న షెడ్డు ఉండేది. చేసేవాళ్ళు ఆరుగురు. ఊరూరా తిరిగి అమ్మేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ హోదాకు తగ్గట్టు ఎర్రచారల టై కట్టుకునేవాణ్ణి. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఆ టైని గౌరవించిన మనిషి ఒక్కడూ లేడు. అయినా కట్టేవాణ్ణి.

రోజూ పొద్దున బస్టాండులో ఇదే తంతు.

"ఏమప్పా మారియప్పా, బాగా నిద్రపోయినావా?"

"పోయినానప్పా."

"ఇవి ఎన్ని?" మూడు వేళ్ళు చూపించేవాడు.

"మూడు."

"నోరు తెరువు."

శ్రీరంగప్ప వాళ్ళది గొర్రెలు కాచిన వంశం. సంతలో గొర్రె పళ్ళు చూసే అలవాటు చేతికి అట్లాగే మిగిలిపోయింది. డ్రైవరు నోట్లో సారా వాసన లేదని తేలినాక, ఇంటి నుంచి తెచ్చిన క్యారియరు ఆ డ్రైవరు చేతికే ఇచ్చేవాడు. శ్రీరంగప్ప భార్య అంజనమ్మ చేసిన రాగిముద్ద, అనపగింజల పులుసు. ఆ వాసనకు బస్సంతా మెడలు సాచేది. నేనైతే గుటకలు మింగేవాణ్ణి.

"అన్నా, మీ దగ్గర పని చేసేది నేను గదా?" అని ఒకసారి అడిగేసినాను.

"నీకు ఆకలైతే నువ్వు పడుకుంటావు. ఆయప్పకు ఆకలైతే బండి పడుకుంటుంది" అన్నాడు.

అంతటితో ఆగేవాడా? డ్రైవరుకు నన్ను వేలుపెట్టి చూపించి, చెవిలో ఏదో చెప్పేవాడు. జనమంతా నా టై వైపు తిరిగేవాళ్ళు. నేను కిటికీలోంచి చూడదగింది ఏదీ లేకపోయినా చూసేవాణ్ణి. ఒకనాడు కళ్ళు ఎర్రగా ఉన్నాయని డ్రైవరును ఫెయిలు చేసి, నన్ను కిందికి దింపేసినాడు. తర్వాతి బస్సులో రాయకోట చేరేసరికి అంగడివాడు తలుపులు వేసుకుని పోయినాడు.

అందుకే మత్తూరు ఆర్డరు వచ్చినప్పుడు, ఈసారి ఆయన పరీక్షకు దొరక్కూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను. అక్కడి రాజప్ప ఎరువుల అంగడికి వంద పంపులు కావాలి. శుక్రవారం పది గంటలకు శాంపిలు చూపించాలి, ఆలస్యమైతే వేరే కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు. ఆ ఆర్డరు తెస్తే నా బల్ల మీద 'సేల్స్ మేనేజరు' అని బోర్డు పెట్టిస్తానని శ్రీరంగప్ప ఒప్పుకున్నాడు. బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా నేను తేల్చేసుకున్నాను.

ఆ శుక్రవారం శాంపిలు పంపు భుజాన వేసుకుని, చెప్పాపెట్టకుండా బస్టాండు దాటి, రోడ్డు మీద ఒక టమోటా టెంపో ఎక్కినాను. ముందు జాగా లేదు, వెనక బుట్టల మధ్య కూర్చున్నాను. ఎక్కేటప్పుడు చూస్తే డ్రైవరు కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. శూలగిరి దాటినాక టెంపో నెమ్మదిగా రోడ్డు వదిలి గుంతలోకి దిగింది.

కళ్ళు తెరిస్తే ఒళ్ళంతా ఎర్రగా ఉంది. ఇంక నా పని అయిపోయిందని బావురుమన్నాను. నోట్లోకి పులుపు దిగినాక గాని అది టమోటా రసమని తెలియలేదు. కాలు మాత్రం నిజంగానే విరిగింది.

అంతలో మారియప్ప బస్సు వచ్చి ఆగింది. "అయ్యో, శ్రీరంగప్ప మనిషి! ఆ టై చూడండి!" అంటూ దూకినాడు. ఇన్నాళ్ళకు నా టైని గుర్తుపట్టినవాడొకడు దొరికినాడు! నన్నూ, నుదురు పగిలిన టెంపో డ్రైవరునూ బస్సులోకి ఎత్తించి, ఎక్కడా ఆపకుండా కృష్ణగిరి ఆస్పత్రికి తోలినాడు.

"నీకు తెలియదా అప్పా?" అన్నాడు నన్ను స్ట్రెచరు మీద పడుకోబెడతా. "దోవలో యాడ కనిపించినా మా మనిషిని విడిచిపెట్టొద్దని ఆయన ప్రతి డ్రైవరుకూ చెప్పి పెట్టినాడు."

చెవిలో చెప్పింది అదన్నమాట. నా తెలివితక్కువతనం గురించి చెబుతున్నాడని అనుకుంటూ వచ్చినాను.

కబురంది మధ్యాహ్నానికల్లా శ్రీరంగప్ప వచ్చినాడు, చేతిలో క్యారియరుతో.

"అన్నా, మీకు చెప్పకుండా వచ్చినాను. తప్పు నాది. ఈ ఆస్పత్రి ఖర్చు కంపెనీ కిందికి రాదు" అన్నాను.

"నువ్వు మోసుకొచ్చిన పంపు ఎవరిది?"

"మనది."

"అయితే కాలూ మనదే. మత్తూరు యాడికీ పోదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన అది చూడలేదు. అప్పటికే పక్క మంచం మీది టెంపో డ్రైవరుకు ముద్ద పెడుతున్నాడు. "నిన్నటి నుంచి తిండీ నిద్రా లేకుండా తోలినాడంట. ఈయప్ప ఓనరు యాడుండాడో!" అని గొణుక్కున్నాడు. నాకు ఆస్పత్రి బ్రెడ్డే గతి.

నాలుగు దినాలు ఆయన నా మంచం పక్కనున్న స్టూలు వదల్లేదు. ఐదో రోజు తిరుగు ప్రయాణానికి మారియప్ప బస్సే దొరికింది. శ్రీరంగప్ప అలవాటుగా డ్రైవరు దగ్గరికి నడిచినాడు. నోరు తెరిచేలోపలే మారియప్ప మూడు వేళ్ళు ఎత్తినాడు.

"శ్రీరంగప్పా, ఇవి ఎన్ని?"

ఆయన కళ్ళు చికిలించి చూసి, "రెండు" అన్నాడు.

"ఫెయిలు! పోయి కూర్చుని కళ్ళు మూసుకో."

శ్రీరంగప్ప వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బస్సు బయలుదేరకముందే నా భుజం మీద గురక మొదలైంది. మారియప్ప, ఆ పొద్దున హోసూరులో అంజనమ్మ తనకు పంపిన క్యారియరును నా ఒళ్ళో పెట్టినాడు.

"నేను తిన్నాలే. ఈ పొద్దు నువ్వు తిను."

ఇన్నేళ్ళుగా గుటకలు మింగిన పులుసు. మూత తీసి, ముద్ద ముంచి, నోటి దాకా తెచ్చినాను. ఎందుకో చెయ్యి ఆగిపోయింది.

"మారియప్పా, నిజంగానే తిన్నావా?"

"తిన్నానప్పా! నువ్వూ పరీక్ష మొదలుపెట్టినావా?" అన్నాడు మారియప్ప.