మేయర్ గుమ్మంలో పిస్తో పిడికిలి

పిస్తో దలుంపినెస్ ఎడమచేతి దెబ్బ గురించి నేను చెప్పేది నమ్మకపోతే మీ ఖర్మ. బ్యాంకాక్ బాక్సింగ్ పోటీలో అది తిన్నవాడు నేటికీ పెళ్లాం పేరు తడుముకుంటున్నాడు. ఆ గాలికే రిఫరీ కట్టుడుపళ్లు మూడో వరుసలో ఒకావిడ ఒళ్లో పడ్డాయి. నేను చూడలేదు. అయినా చూసినవాళ్లకంటే బాగా చెప్పగలను. బడి ఎగ్గొట్టి ట్రైసికిల్ తోలేవాడికి వచ్చిన చదువు అదొక్కటే.

పిస్తోకి వచ్చింది వెండి పతకం. అమెచ్యూర్ కాబట్టి అదే జీతం, అదే పింఛను. మళ్లీ చెరకు నరకడానికే వెళ్లాడు. కానీ పేరు మిగిలింది. మా నీగ్రోస్‌ దీవి చెరకుతోటల్లో పుట్టిన ప్రతి బిడ్డ బాప్తిస్మానికీ జ్ఞానతండ్రిగా ఆయనే కావాలన్నారు. క్రిస్మస్ పొద్దున జ్ఞానపిల్లలు కానుకలకి బయల్దేరితే జ్ఞానతండ్రులైన మా ఊరి పెద్దమనుషులు మంచాల కింద దూరతారు. మా నాన్న ఒకసారి పందుల దొడ్లో దాక్కుంటే, పందే మొహమాటపడి బయటికొచ్చేసింది. పిస్తో మాత్రం తలుపు బార్లా తెరిచి కూర్చునేవాడు. కూలి డబ్బంతా ఆ పూటకే హారతి కర్పూరం.

"రింగులో తిన్న దెబ్బలు చాల్లేదా, ఇంట్లో కూడా తినాలా?" అనేది భార్య లుదివినా.

ఆ జ్ఞానపిల్లల్లో ఒకడు, రెనాంటే, ఇప్పుడు మేయర్. ఎన్నికల సభలో పిస్తో చెయ్యి పైకెత్తి పట్టుకుని, "కట్టబోయే జిమ్‌కి కోచ్ మా నీనోంగే!" అని అరిచాడు. జ్ఞానతండ్రిని మేం అలాగే పిలుస్తాం. రెనాంటే గెలిచాడు, జిమ్ లేచింది, కబురు మాత్రం రాలేదు. పిస్తోకి ఎడమకన్ను మసకబారింది, కత్తి పట్టే ఓపిక పోయింది. ఆ పని ఒక్కటే ఆయన ఆశ.

క్రిస్మస్ పొద్దున నా బండెక్కాడు.

"ఏంటన్నా, తండ్రే కొడుకు దగ్గర కానుకకి పోతున్నాడా?"

"నోర్మూసుకుని తోలరా. అడిగేది పని, కానుక కాదు."

మేయర్ గేటు ముందు జనం. కాపలావాడు పిస్తోని చూసి నిటారుగా నిలబడ్డాడు.

"చాంప్! అయ్యగారు లేరు. మనీలా వెళ్లారు."

మేడమీద కరవోకేలో పాడుతున్న మేయర్ గొంతు టక్కున ఆగింది. కిటికీ తెర పడింది.

"లేడా?" అన్నాడు పిస్తో, ఆ కిటికీకేసే చూస్తూ.

"లేరు చాంప్." కాపలావాడు గొంతు తగ్గించాడు. "ఆ కోచ్ పని అమ్మగారి తమ్ముడికి ఇచ్చేశారు."

"వాడు బాక్సరా?"

"జుంబా డాన్సు నేర్పుతాడు."

పిస్తో వెనక్కి తిరిగేలోగా జనం చుట్టుముట్టారు. "చాంప్, ఒక్క ఫోటో! పిడికిలి ఎత్తు చాంప్!" ఎత్తాడు. కాపలావాడూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎవరో మేయర్ బొమ్మ అచ్చేసిన సంచి తెచ్చి పిస్తో రెండో చేతిలో పెట్టారు. అందులో స్పగెట్టి, ఒక పళ్లముక్కల డబ్బా. దాంతోనూ ఫోటో తీశారు.

సాయంత్రానికి అది మేయర్ ఫేస్‌బుక్ పేజీకెక్కింది: "మా నీనోంగ్‌కి ప్రేమతో." కింద ఊరంతా పెట్టిన ఎర్ర గుండెలు. లుదివినా ఆ స్పగెట్టినే ఉడకేసింది.

పిస్తో నా ఫోన్ కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"చెయ్యి సరిగ్గా లేవలేదురా," అన్నాడు.