ధరణి ఇంటికి వచ్చిన టిప్పర్

దేవేందర్ చాలా ఏళ్లు ఇసుక టిప్పర్ నడిపాడు. నడుం నొప్పి మొదలయ్యాక అది వదిలేసి, అల్వాల్ నుంచి తుర్కపల్లి ల్యాబులకు ఉద్యోగులను తీసుకెళ్లే క్యాబ్ నడపసాగాడు. టన్ను, లోడు అనే మాటలు వినబడితే మాత్రం అతని చెవులు ఇప్పటికీ నిక్కబొడుచుకుంటాయి.

ఒకరోజు క్యాబ్‌లో వెనక సీట్లో, ల్యాబులో పనిచేసే ధరణి స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఆదివారం శామీర్‌పేటకు ఇల్లు మారుతున్నామే. టన్స్ ఆఫ్ బుక్స్, లోడ్స్ ఆఫ్ సామాను. ఎలా తీసుకెళ్లాలో ఏమో."

ధరణి ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్లిద్దరే. దేవేందర్‌కు జాలేసింది.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. బండి సంగతి నేను జూసుకుంట," అన్నాడు.

ఏ ట్రాలీ ఆటోనో తెస్తాడనుకుని ధరణి సరేనంది.

ఆదివారం పొద్దున అల్వాల్‌లో వాళ్ల సందులోకి పది టైర్ల టిప్పర్ వెనక్కి వెనక్కి వచ్చింది. పాత యజమానిని బతిమాలి తెచ్చాడు. సందు సందంతా బయటికొచ్చి నిలబడింది.

దేవేందర్ దిగి ఇంట్లోకి వెళ్లి చూశాడు. కొన్ని అట్టపెట్టెలు, రెండు మంచాలు, ఫ్రిజ్, తులసి కుండీ.

"మిగిలిన సామానేడుంది మేడమ్?"

"ఇంతే అన్నా."

"మీరే గద ఫోన్ల మాట్లాడుకుంట టన్నులన్నరు?"

ధరణికి నవ్వాగలేదు. "చాలా ఉన్నాయని చెప్పడానికి అలా అంటాం అన్నా. తూకమేం కాదు."

దేవేందర్ మొహం చిన్నబోయింది. ధరణి తల్లి పార్వతీదేవి కల్పించుకుంది.

"నీ తప్పేముంది బాబూ. మనం 'బండెడు చాకిరీ' అనమూ? ఆ బండిని ఎవరు చూశారు?"

దేవేందర్ కాస్త ఆలోచించి తనూ నవ్వేశాడు. "మా ఇంటామె గూడ ఉతికే బట్టలు కుప్పలు కుప్పలున్నయంటది. జూస్తె సగం బకెట్."

సామానంతా టిప్పర్‌లో ఒక మూలకు సరిపోయింది. పెట్టెలు దొర్లకుండా పరుపులు అడ్డం పెట్టారు. ధరణి క్యాబ్ పిలుస్తానంటే పార్వతీదేవి వద్దని, టిప్పర్‌లోనే ముందు సీటెక్కింది. అంత ఎత్తు నుంచి రోడ్డు చూడటం ఆవిడకు అదే మొదలు. శామీర్‌పేట దాకా కిటికీ నుంచి చూపు తిప్పలేదు. కొత్తింట్లో పాలు పొంగించాక మొదటి గ్లాసు దేవేందర్‌కే ఇచ్చింది.

సోమవారం క్యాబ్‌లో ఈ సంగతి అందరికీ దేవేందరే చెప్పాడు. బండి తుర్కపల్లి చేరేసరికి అతని కథలో టిప్పర్లు రెండయ్యాయి. ధరణి దిద్దలేదు.