వెంకన్న గారి కూతురు చూసిన ద్రాక్షతోట

సత్యవతి గారు నాసిక్ ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకు మా ఊరి టీకొట్టు దగ్గర ఒక జవాబు పుట్టింది. నేను రాయకపోతే అదే మిగిలిపోతుంది. అది నిజం కాదు కాబట్టి రాస్తున్నాను. ఈ ఉదయం ముమ్మిడివరంలో నా షాపు తెరుస్తుంటే ఒకతను సైకిలుకు కల్లు లొట్లు కట్టుకుని ముందునుంచి వెళ్ళాడు. నురగ పొంగిన తాటికల్లు వాసన, ముందు తీపి, దాని వెనకే పులుపు, కాసేపు గుమ్మంలో నిలిచిపోయింది. రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసే చోట ఆ వాసనకు పనేమీ లేదు. నేను మాత్రం తాళం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సత్యవతి గారు ఉప్పలగుప్తం దగ్గర మా ఊరి లైబ్రరీ చూసుకునేవారు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆపైన నాకు తెలిసిందంతా ఆ బీరువాల్లోంచి వచ్చిందే, ఆ మాట గర్వంగానే చెబుతాను. మొదటిసారి గ్రీజు చేతులతో గడప దగ్గర ఆగిపోతే ఆమె తలెత్తి చూశారు. "రండి ప్రసాదు గారూ. పంపు దగ్గర సబ్బుంది. కడుక్కుని ఏది కావాలంటే అది తీసుకోండి" అన్నారు. అంతకుముందు నా పేరు పక్కన ఎవరూ 'గారు' పెట్టలేదు. ఆమె అందరికీ పెట్టేవారు, చేపల బుట్ట దించుకుని నీళ్ళడిగే ఆవిడకు కూడా. ఆ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో చాలా కాలం తర్వాత గాని నాకు తెలియలేదు.

ఆమె తండ్రి వెంకన్న కల్లు గీసేవాడు. ఊరంతా ఆయన దించిన కల్లు తాగింది. రైతుల పిల్లలు సైతం చెట్టు కింద నిలబడి "ఒరే ఎంకన్నా, దిగరా" అని పిలిచేవారట. ఆయన దిగివచ్చి, ఎవరికీ పొయ్యకముందే నాలుగు చుక్కలు చెట్టు మొదట్లో వదిలేవాడట. అది చెట్టు వాటా. ఇదంతా నాకు చెప్పింది టీకొట్టు రాంబాబు గారు. సత్యవతి గారు తండ్రి మాట ఎత్తేవారే కాదు.

ఒకరోజు పాత పత్రికలో నాసిక్ ద్రాక్షతోటల వ్యాసం తెరిచి నా ముందు పెట్టారు. కొండలు చూడటానికి, కోతలు చూడటానికి, వైను రుచి చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వెళతారని అందులో ఉంది.

"మన గోదారి పుట్టేది కూడా అటేనండీ" అన్నాను, చదివింది చూపించుకోవాలని.

"ఆయ్. అదీ ఒక కారణమే" అన్నారు. "కానీ చూడండి, తయారుచేసిన మనిషి పక్కన కూర్చుని మాట్లాడతారంట. ఎలా చేస్తారండీ అని మర్యాదగా అడుగుతారంట. అది ఒకసారి చూడాలండి."

గుండె ఆపరేషను చెయ్యాలని డాక్టరు చెప్పాక ఆ కోరికకు తొందర వచ్చింది. బయటపడతానో లేదో తెలియదు, ముందే వెళ్ళొస్తానన్నారు. తోడుగా నేను బయలుదేరాను. టీకొట్టు దగ్గర రాంబాబు గారు ఊరుకోలేదు.

"నాన్న కల్లు దించితే కూతురు వైనుకెళ్తన్నారన్నమాట."

"ఆయ్, వెళ్తున్నానండి. మీకేమన్నా తేవాలా?" అన్నారామె. బెంచీ మీదున్నవాళ్ళు నవ్వేశారు. ఆమె నవ్వలేదు.

యాత్రికులతో నిండిన రైల్లో షిర్డీదాకా వెళ్ళి, అక్కడినుంచి నాసిక్ చేరాం. తోటలో ఒక యువకుడు మా గుంపును తిప్పుతూ నేల గురించి, పీపాల గురించి చక్కగా చెప్పాడు. నా హిందీ చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళ దగ్గర నేర్చుకున్నది. దాంతోనే ఆమెకు తెలుగు చేసి చెప్పాను. గ్లాసులు పంచాక ఎవరేం చేస్తారో చెప్పుకోమన్నాడు. అందరూ తమ ఉద్యోగాలు చెప్పారు. ఆమె వంతు వచ్చింది.

"మా నాన్న కల్లు గీసేవారు. వెంకన్న గారు" అన్నారు.

నేను హిందీలో చెప్పాను. ఆ యువకుడు మర్యాదగా తల ఊపాడు.

"ఈ పళ్ళు కోసినవాళ్ళెవరో అడగండి" అన్నారామె.

అడిగాను. "కూలీలు" అన్నాడతను, తోట చివరకు చెయ్యి చూపించి.

ఆమె గ్లాసు పట్టుకుని అటే నడిచారు. తీగల వరసలో కత్తెరతో గుత్తులు కోస్తున్న ఒకామె ఆగి చూసింది. సత్యవతి గారు వంగి నాలుగు చుక్కలు తీగ మొదట్లో వదిలి, గ్లాసు పెదవికి తాకించారు. అలవాటు లేని మనిషి, మొహం చిట్లించి "మన కల్లంత పులుపు లేదు" అన్నారు. తర్వాత ఆ గుత్తులు కోసే ఆవిడ పేరు నాచేత అడిగించారు. సునంద. గుంపులో ఇంకెవరూ ఆ వరసదాకా రాలేదు.

తిరుగు రైల్లో కిటికీలోంచి చూస్తూ అన్నారు.

"సీసా మీద కొండ పేరుంది, తోట పేరుంది. సునంద గారి పేరు లేదండి. ఇక్కడా అంతే."

"అయితే వచ్చింది దండగేనాండీ?"

"కాదండి. ఊళ్ళో అందరినీ గారు అన్నాను. నలుగురిలో మా నాన్న పేరు చెప్పాల్సొస్తుందని భయపడి ఆయన్ని మాత్రం అనలేదు. ఇయ్యాల అన్నాను."

ఆపరేషను అయ్యాక ఆమె ఇంటికి రాలేదు.

ఈ ఉదయం సైకిలాయన వెనకాల నాలుగడుగులు నడిచి పేరడిగాను. "ఏవండీ, ఏదన్నా ఎక్సైజు కేసా?" అని బెదిరిపోయాడు. కాదన్నాక శ్రీను అని చెప్పాడు. "వెళ్ళిరండి శ్రీను గారూ" అంటే, కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూశాడు.

పాత పత్రిక వెతికిపెట్టిన ఇప్పటి లైబ్రేరియన్ లక్ష్మి గారికి, మమ్మల్ని తోటకు చేర్చి, తిరిగి రైలెక్కించిన నాసిక్ ఆటో డ్రైవరు గణేశ్ గారికి, ఎగతాళి చేసినా ఆ చుక్కల సంగతి దాచుకోకుండా చెప్పిన రాంబాబు గారికి, సునంద గారికి, శ్రీను గారికి కృతజ్ఞతలు. నేను ఎన్నడూ చూడని వెంకన్న గారికి కూడా.