షేరు గొలుసు

చంద్రపూర్ స్టేషన్‌లో దిగేసరికి మే నెల ఎండ మొహం మీద కొట్టింది. ఊళ్లో కేబుల్ టీవీ తీగలు కొత్తగా పాకుతున్న ఏళ్లవి. మా పోస్టు ఊరవతల, సైన్యం మందుగుండు డిపో. నా కిట్టు ఒక ట్రంకు, పక్కబట్టలు చుట్టిన ఒక హోల్డాలు. అక్కడ నా చేతికి అప్పగించింది షేరును, పది నెలల అల్సేషన్‌ను. మీరంతా యుద్ధం సంగతి అడుగుతారు. నాకు దక్కిన యుద్ధం ఇదే.

ఆ వయసు కుక్క మీసాలొస్తున్న పిల్లాడి లెక్క. నిన్న కూర్చోమంటే కూర్చున్నది ఇవాళ పేరు పెట్టి పిలిచినా వినదు. గొలుసు లాగుతుంది, బూట్లు కొరుకుతుంది, రోజూ చూసే డ్రమ్మును చూసి బెదురుతుంది. పొద్దున్నే బాగా నడిపించాలి. ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాలి. వింటే వెంటనే రొట్టెముక్క పెట్టాలి. కొడితే చెడిపోతుంది.

ఘుగ్గుస్ వైపు బొగ్గుగనిలో మధ్యాహ్నం పేల్చే ముందు సైరన్ మోగేది. అది వినబడగానే గొలుసు బిగించి పట్టుకోవడం మా పోస్టు రివాజు. ముందు సైరన్, తర్వాత మెడకు ఉరి, ఆపైన నేల అదురు. షేరు సైరన్‌కే వణికేది.

మా హవల్దార్‌ది ఆదిలాబాద్. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి.

"గొలుసు జర వదులు చేస్తే భయం పోతది ఉస్తాద్" అన్నాను.

"ఏంది వదులు జేసుడు? అది ఉరికితే మనిద్దరి నౌకరి పోతది."

అయినా నా డ్యూటీలో గొలుసు వదిలేవాణ్ణి. సైరన్ మోగితే రొట్టె పెట్టేవాణ్ణి. వానలు పడేనాటికి వణుకు తగ్గింది. ప్రాణం లేచొచ్చింది. ఇక కాపలా కుక్కలకు పెట్టే పరీక్ష నెగ్గితే చాలు, షేరు ఫౌజులో ఉంటుంది.

పరీక్ష మధ్యలో సైరన్ మోగింది. షేరు కదల్లేదు. పక్కనే ఉన్న హవల్దార్ అలవాటు కొద్దీ చెయ్యి చాచి గొలుసు గుంజాడు. షేరు ఆ చెయ్యి కరిచింది.

"తప్పు నాది సాబ్. నేనే గుంజిన" అన్నాడు హవల్దార్, రక్తం కారుతుండగానే.

పరీక్ష పెట్టిన అధికారి వినలేదు. మనిషిని కరిచిన కుక్కను ఉంచేది లేదన్నాడు. మర్నాడు పొద్దున పశువుల డాక్టరు ప్రాణం తీసే సూది వేస్తాడని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాత సెలవు మీద ఇంటికొస్తే, "కుక్కల సిపాయి" అని మావాళ్లు ఆటపట్టించారు. నవ్వాను.

ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ పొద్దుటి తడి నేలే. షెడ్డు నుంచి డాక్టరు గదిదాకా షేరు ఒక్కసారి కూడా లాగలేదు. నా మోకాలి పక్కనే నడుస్తూ, మెచ్చుకుంటానేమోనని తలెత్తి చూసింది. "శభాష్" అన్నాను. తోక ఊపింది.