నేను బండి దిగాను

ఖాదర్ భాయ్ ఒంటికి వెళ్ళడానికి కంపెనీ బండిని రోడ్డు దింపాడట. అక్కడ ఇసుకలో పాము కరిచిందట. తొంభైల్లో ఖతార్‌లో, దుఖాన్ క్వార్టర్లలో ఉన్నవాళ్ళెవరిని అడిగినా ఇదే చెబుతారు. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనో పాతవాళ్ళు కలిస్తే ఈ కథ రావాల్సిందే. "బండిలో ఆడమనిషి ఉందన్న ఇంగితం కూడా లేదు" అని చివర ఒక ముక్క తగిలిస్తారు.

ఆ ఆడమనిషిని నేనే. బండి దింపడం, పాము కరవడం నిజం, మిగతాదంతా అబద్ధం. ఇన్నేళ్ళూ నేను దాన్ని వింటూ, తలాడిస్తూ, అప్పడం కొరుక్కుంటూ కూర్చున్నాను. గుండెల మీద బండ అంటారే, అలా కూడా కాదు. చెప్పులో గులకరాయి. ప్రతి అడుగుకీ గుచ్చుకుంటుంది, అయినా నడక ఆగదు.

నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు. కూరలవాడితో, బ్యాంకు మేనేజరుతో, పెళ్ళి చేయించే పంతులుతో కూడా వాదించే మనిషిని. నా నోటికి జడిసి మా ఆడపడుచు ఫోన్ చెయ్యడం మానేసింది. అలాంటిదాన్ని, నోరు విప్పాల్సిన ఒక్కచోట విప్పలేదు.

అప్పటి దుఖాన్ అంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క చమురు బావులు, మధ్యలో అన్నీ ఒకేలా ఉండే క్వార్టర్లు. మా ఆయన ఇంజనీరు. పొద్దున్నే డ్యూటీకి వెళితే చీకటి పడ్డాకే రాక. నాది జువాలజీలో బీయస్సీ, ఫస్ట్ క్లాసు. ఏసీ హోరు వింటూ గోడలతో మాట్లాడేదాన్ని. గోడలు ఎదురు చెప్పవు. నాకు అంతకన్నా నరకం లేదు.

ఒక ఉదయం కంచె అవతల ఇసుకలో గీతలు చూశాను. ఒకదానికొకటి అంటకుండా, ఏటవాలుగా, నిచ్చెన మెట్లు మాత్రం ఊడదీసి వరసగా పరిచినట్టు. కళ్ళ మీద రెండు బుల్లి కొమ్ములుండే పాముది ఆ జాడ. ఒళ్ళు పక్కకి విసురుకుంటూ పోతుంది. పగలు ఇసుకలో కప్పుకుని కళ్ళు మాత్రం బయట పెడుతుంది. కదిలిస్తే చుట్టలు ఒకదానికొకటి రాసుకుని, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చప్పుడు చేస్తుందట. చదివానంతే, చూడలేదు. చూడాలనిపించింది. ఆ ఊరు వెళ్ళాక నాకు ఒకటి కావాలనిపించడం అదే మొదలు.

మా ఆయనతో అంటే, "పొద్దుపోకపోతే ఊరగాయ పెట్టుకో, పాములెందుకు?" అన్నాడు.

వారానికోసారి కంపెనీ బండి ఆడవాళ్ళని దోహా బజారుకి తీసుకెళ్ళేది. డ్రైవరు ఖాదర్ భాయ్. నిజామాబాద్ వైపు మనిషి, నలభై దాటినవాడు. ఆ ఊళ్ళో నాతో సమానంగా వాదించింది ఆయనొక్కడే. రోడ్డు పక్కన కనిపించే ప్రతి జాడకీ మా ఇద్దరికీ పోటీ, అది ఏ జంతువుదని. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడు. చిన్నప్పుడు మేకలు కాసిన కళ్ళు.

ఆ రోజు మిగతా ఇద్దరూ రాలేదు. ఒకామెకి జ్వరం, ఇంకొకామెకి ఇంటినుంచి ఫోన్ రావాలి. నేనొక్కదాన్నే. దారిలో, రోడ్డుకి కాస్త ఎడంగా, అవే గీతలు. ఆపమన్నాను.

"గీడ ఆపొద్దమ్మా. రోడ్డు దిగితే కంపెనీ ఊకోదు."

"పామంటే భయమని చెప్పు, పోనీలే."

"భయం కాదు, అకల్ అంటరు దీన్ని, తెలివి. మీ కాలేజీల చెప్పలేదా?"

నవ్వాను. నవ్వి, మళ్ళీ ఆపమన్నాను. మూడోసారి అడిగితే బండిని ఇసుకలోకి దింపాడు. ఎందుకు దింపాడు? నేను మేడమ్‌ని కాబట్టా? లేక ఆయనకీ చూడాలని ఉందా? ఉందనే అనుకుంటూ వచ్చాను, అలా అనుకుంటే నాకు సుఖం.

ఇద్దరం దిగి వెంట నడిస్తే గీతలు ఒక ముళ్ళపొద దగ్గర ఆగిపోయాయి. వంపు చూసి, పాము ఇందులోంచి బయటికి వెళ్ళిందన్నాను.

"ఉల్టా అమ్మా. లోపటికి వచ్చింది. ఇంకా ఈడనే ఉన్నది."

"డిగ్రీ ఎవరిది, నీదా నాదా?"

ఆయన చూపు పొద మీంచి తిప్పలేదు. అదింకా ఒళ్ళు మండించింది. చూడు, ఏమీ లేదు అంటూ పొద మొదట్లో చెయ్యి పెట్టబోయాను. ఆయన ఒక్క ఉదుటున వంగి నా చేతిని పక్కకి తోశాడు. అప్పుడు విన్నాను ఆ చప్పుడు, పెనం మీద నీళ్ళ చప్పుడు. కాటు ఆయన బొటనవేలి మీద పడింది.

నా చున్నీతో చేతికి కట్టు కట్టాను. నాకు డ్రైవింగ్ రాదు. ఆయనే ఎడమ చేత్తో నడుపుతూ కంపెనీ క్లినిక్ వైపు వెనక్కి తిప్పాడు. పళ్ళు బిగబట్టి, అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు: "మీరు బండి దిగలే. నేను ఒంటికి పోయిన. గంతే. క్యాంప్ల నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. నేను మొగోన్ని, నాకేమైతది?"

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు.

మూడోనాడు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లేడీస్ ఆపమంటే డ్రైవరు ఆపాలి, అదీ కంపెనీ రూలే. నేనే ఆపమన్నానని ఒక్క మాట అంటే ఆయన ఉద్యోగం నిలిచేది. మా ఆయన నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు బండి దిగారా?"

"లేదు."

దోహా ఆసుపత్రిలో ఖాదర్ భాయ్ బొటనవేలు తీసేశారు. నెల తిరక్కుండా వీసా రద్దు చేసి ఇంటికి పంపారు. నన్ను పరామర్శించడానికి మాత్రం ఆడవాళ్ళు పాయసాలు పట్టుకొచ్చారు. కంపెనీ క్లినిక్‌లో మలయాళీ నర్సు నా చున్నీ ఉతికి మడతపెట్టి ఇచ్చింది. అంచుకి ముళ్ళకాయలు రెండు ఇంకా అంటుకునే ఉన్నాయి. బండి దిగని మనిషి చున్నీకి అవి ఎలా అంటాయని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే?

ఎందుకు దాచానో చెప్పాలంటే పరువు అంటాను. అదీ పూర్తి నిజం కాదు. మా ఆయన అనుమానించే రకం కాదు, రెండు రోజులు అలిగేవాడు, అంతే. నాకు మింగుడు పడనిది వేరే. ఆ జాడని నేను తప్పు చదివాను. మేకలు కాసినవాడు సరిగ్గా చదివాడు. ఆ ఓటమి కాగితమ్మీద పడకూడదని ఒక మనిషి కూడు పోగొట్టానా? అవును, పోగొట్టాను. ఒక్క ఉత్తరం రాయలేదు. అడ్రసు తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. కనుక్కుంటే దొరికేదే.

ఇది చదివి మీరు నన్ను ఏమన్నా అనుకోండి, ఈ ఒక్కదానికి నేను వాదించను. నేను బండి దిగాను. నేనే ఆపమన్నాను. రాశాక చెప్పులో రాయి తీసినట్టుంది, పుండు మాత్రం అలాగే ఉంది.

ఒక్కటి మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఆ రోజు అద్దంలోంచి ఆయన నన్ను చూసిన చూపు ఎలాంటిది? నా పరువు కాపాడాలనే ఆ కథ అల్లాడా, లేక నేను ఎలాగూ నోరు విప్పనని ఆయనకి అప్పటికే తెలిసిపోయిందా?